434 నుంచి 438 వరకే: ఒక హ్యాండ్‌సెట్ ఫర్మ్‌వేర్ మార్చిన డైరీ

జనవరి 10, శనివారం

ఈ పని నెత్తికెత్తుకోవడానికి కారణం మెనూలో తప్పుగా పెట్టిన ఒక్క ప్లస్ గుర్తు. మా హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదా కోసం నడిపే రేడియో) క్లబ్బులో కొత్తగా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు వచ్చిన కుర్రాడు రిపీటర్‌ను (మన మాటను ఒక ఫ్రీక్వెన్సీ మీద విని మరోదాని మీద తిరిగి పంపే స్టేషన్‌ను) 145.700 మెగాహెర్ట్జ్ మీద వింటూ, దానికి 600 కిలోహెర్ట్జ్ కింద, అంటే 145.100 మీద మాట్లాడవలసి ఉండగా, ఆఫ్‌సెట్ దిశను మైనస్‌కు బదులు ప్లస్ పెట్టుకొని పావుగంట సేపు 146.300 మీద పిలుస్తూ కూర్చున్నాడు. ఎవరూ పలకకపోయేసరికి నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, రిపీటర్ పాడైపోయిందా?" అని అడిగాడు. రిపీటర్ బాగానే ఉందనీ, తానే ఊరి పొలిమేర దాటి నిలబడి కేకలు వేస్తున్నాడనీ చెప్పవలసి వచ్చింది.

పొలిమేర అన్న మాట వట్టి పోలిక కాదు. మన దేశంలో హ్యామ్‌లకు ఇచ్చిన 2 మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు మాత్రమే. 70 సెంటీమీటర్ల బ్యాండు 434 నుంచి 438 వరకు. అమెరికాలో మొదటిది 148 దాకా సాగుతుంది, ఐరోపాలో రెండోది 430 నుంచి 440 దాకా ఉంటుంది. ప్రపంచమంతటికీ ఒకే అచ్చులో తయారయ్యే చవక హ్యాండ్‌సెట్లకు ఈ తేడాలు పట్టవు. మా క్లబ్బులో ఎక్కువ మంది దగ్గర ఉన్న క్వాన్‌షెంగ్ యూవీ-కే5 పెట్టెలో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో, అంటే సెట్టు లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో, 136 నుంచి 174 వరకు, 400 నుంచి 470 వరకు నిస్సంకోచంగా ప్రసారం చేస్తుంది. అందులో దాచిన మెనూ తెరిస్తే కొన్ని దేశాల పేర్లతో హద్దులు కనిపిస్తాయి గానీ వాటిలో మన దేశం లేదు. తయారీదారు సోర్సు కోడ్ బయటపెట్టలేదు కనుక, లేని వరుసను మనం చేర్చుకునే వీలూ లేదు.

సొంత ఫర్మ్‌వేర్ అనగానే "బ్యాండ్లన్నీ తెరుచుకుంటాయా?" అని అడిగేవారే ఎక్కువ. నాకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. లైసెన్సు కాగితం మీద ఉన్న హద్దులే సెట్టులోనూ ఉండాలి, ఆ హద్దులు నిజంగా పనిచేస్తున్నాయని నేను కళ్లారా చూడగలగాలి. పని ఇంతే. క్లబ్బులో కొత్తవారి కోసం ఉంచిన ఆరు సెట్లకు ఇది చేయాలని నిర్ణయించాను.

జనవరి 11, ఆదివారం

ఈ రోజు కోడ్ జోలికి పోలేదు. ఆరు సెట్లనూ వరుసగా కేబుల్‌కు తగిలించి, వాటి జ్ఞాపకాన్ని కంప్యూటర్‌లోకి దించుకోవడంతోనే సరిపోయింది.

ఈ సెట్టు లోపలి సంగతి క్లుప్తంగా రాసుకుంటాను. మెదడు స్థానంలో డీపీ32జీ030 అనే మైక్రోకంట్రోలర్ ఉంది. కార్టెక్స్ ఎం0 రకం, 64 కిలోబైట్ల ఫ్లాష్, 16 కిలోబైట్ల ర్యామ్. రేడియో పని చాలావరకు బీకే4819 అనే ఒక్క చిప్పే చేస్తుంది. ఎఫ్ఎం ప్రసారాలు వినడానికి విడిగా బీకే1080 ఉంది. ఛానెళ్లు, సెట్టింగులు దాచుకోవడానికి 8 కిలోబైట్ల ఈప్రామ్, అంటే కరెంటు పోయినా చెరగని జ్ఞాపకపు చిప్పు. యూఎస్‌బీ-సీ రంధ్రం చార్జింగుకే. కంప్యూటర్‌తో మాట్లాడాలంటే పక్కనున్న రెండు పిన్నుల కెన్‌వుడ్ తరహా సాకెట్‌కు కేబుల్ పెట్టి, 38400 బాడ్ వేగంతో మాట్లాడాలి. ఇటీవల వచ్చిన మూడో వెర్షన్‌లో మైక్రోకంట్రోలర్‌నే మార్చేశారు కనుక, ఈ డైరీ చదివి ఎవరైనా పని మొదలుపెడితే ముందు తమ సెట్టు ఏ తరానిదో చూసుకోవాలి.

ఈప్రామ్‌లోని 8192 బైట్లలో చివరి 512 బైట్లు మిగిలిన వాటివంటివి కావు. ఛానెళ్లు పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఆ 512 బైట్లలో మాత్రం ఫ్యాక్టరీలో ఆ ఒక్క సెట్టును కొలిచి రాసిన అంకెలు ఉంటాయి. ఏ బ్యాండులో ఎంత శక్తికి ఎంత విలువ వేయాలి, బ్యాటరీ వోల్టేజీని ఎలా లెక్కించాలి, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును ఆపే ఏర్పాటు) ఎక్కడ తెరుచుకోవాలి అనేవన్నీ అక్కడివే. కిందటేడు ఛానెళ్లు వేసే తొందరలో నా సెట్టులోని మొత్తం ఈప్రామ్‌ను మిత్రుడి సెట్టులోకి ఎక్కించింది నేనే. ఛానెళ్లు చక్కగా వచ్చాయి; బ్యాటరీ నిండుగా ఉన్నా సెట్టు మాత్రం అయిపోవచ్చిందని చూపడం మొదలుపెట్టింది, తక్కువ పవర్‌కూ ఎక్కువ పవర్‌కూ తేడా లేకుండా పోయింది. ఆయన సెట్టులోని అసలు అంకెలను ముందుగా దించుకోలేదు కనుక ఆ నష్టాన్ని పూర్తిగా సరిచేయలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు. అదే నాకు మరింత ఇబ్బందిగా అనిపించింది.

అందుకే ఈసారి ఆరు సెట్లకూ వెనుక చిన్న కాగితం అంటించి, ఒకటి నుంచి ఆరు వరకు అంకె వేసి, అదే అంకెతో ఆరు ఫైళ్లు దాచి, వాటి నకళ్లు పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టాను.

జనవరి 13, మంగళవారం రాత్రి

ఏ ఫర్మ్‌వేర్‌ను పునాదిగా తీసుకోవాలన్నది తేలాల్సి ఉంది.

ఫ్యాక్టరీ ఫర్మ్‌వేర్ ఫైలును తేలికపాటి ఎక్సార్ పద్ధతిలో ముసుగు వేసి ఇచ్చారు. ఆ ముసుగు తొలగడానికి ఎంతో కాలం పట్టలేదు. 2023లో డ్యూయల్‌టాకియాన్ అనే మారుపేరుతో ఒకరు ఆ బైనరీని (యంత్రం మాత్రమే చదివే ఫైలును) విప్పి చదివి, అదే పని చేసే సోర్సును సీ భాషలో తిరగరాసి, అపాచీ 2.0 లైసెన్సు కింద అందరికీ ఇచ్చారు. ఆ ఒక్క పనితో కట్ట తెగినట్టయింది. ఆ సోర్సు మీద ఒకరు ఏఎం వినికిడిని బాగుచేశారు, మరొకరు చిన్న తెర మీదే స్పెక్ట్రమ్ గీసి చూపించారు, ఎగ్జూమర్ అనే పేరుతో మరొకరు వీటన్నింటినీ ఒకచోట చేర్చి శుభ్రం చేశారు. నేను ఎంచుకున్నది ఆ చివరిదాని 0.22 వెర్షన్.

ఇక్కడ ఒక సంగతి ఆలోచనలో పడేసింది. సముదాయం చేసినదంతా తెరిచి ఉంటుందని అనుకోవడం పొరపాటు. ఇదే కుటుంబంలో, ఇంకా ఎక్కువ హంగులతో, కేవలం బైనరీగా మాత్రమే ఇస్తున్న రూపాంతరాలు కూడా ఉన్నాయి. అపాచీ లైసెన్సు దానికి అడ్డు చెప్పదు. లైసెన్సు నకలు వెంట ఇవ్వాలి, పాత కాపీరైటు ప్రకటనలను ఉంచాలి, మార్చిన ఫైళ్లలో మార్చినట్టు చెప్పాలి, ముఖ్యంగా ఇవే దాని షరతులు. క్లబ్బులో ఇద్దరు ముగ్గురు వాటినే వాడమని సలహా ఇచ్చారు. అవి మంచివే కావచ్చు. కానీ నేను మార్చదలచింది హద్దులను. హద్దులు రాసిన వరుస నాకు కనబడనప్పుడు, దానిని కంపెనీ దాచినా కాలక్షేపానికి చేసే పెద్దమనిషి దాచినా నాకు ఒకటే.

బల్ల మీద పక్కనే ఉన్న మైక్రోబిటెక్స్ సంగతి వేరు. హైదరాబాదులో అశ్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) రూపొందించిన ఆ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ హెచ్ఎఫ్ సెట్టులో ఫర్మ్‌వేర్ ఒక ఆర్డ్వినో నానోలో కూర్చుని ఎస్ఐ5351 అనే క్లాక్ చిప్పును ఆడిస్తుంది. దాని సోర్సు మొదటి నుంచీ జీపీఎల్ మూడో వెర్షన్ కింద ఉంది. అంటే దానిని మార్చి ఎవరికైనా బైనరీ పంచితే, మార్చిన సోర్సు కూడా వెంట ఇవ్వాలి. సర్క్యూట్ పటం కూడా చేతిలో ఉండటం వల్ల, ఏ పిన్ను ఏ రిలేను లాగుతుందో విప్పి కనిపెట్టవలసిన అవసరం అక్కడ ఎవరికీ రాలేదు. 40 మీటర్లలో మన హద్దు 7.200 మెగాహెర్ట్జ్ కనుక, దానికి పైన పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే మీట) నొక్కితే పలకకుండా నేను రెండేళ్ల కిందటే అందులో నాలుగు వరుసలు రాసుకున్నాను. పదిహేను నిమిషాల పని. కే5 విషయంలో అదే పనికి ముందు ఒక మనిషి బైనరీని తవ్వవలసి వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి.

జనవరి 17, శనివారం

పండుగ పిండివంటలు ఇంకా డబ్బాల్లో ఉన్నాయి. అరిసె ముక్క ఒక చేత్తో పట్టుకొని మరో చేత్తో కంపైలర్ (సోర్సును యంత్రం చదివే ఫైలుగా మార్చే సాధనం) దింపుకున్నాను. ఆర్మ్ జీసీసీ ఉంటే చాలు, మేక్ అన్న ఒక్క ఆదేశంతో ఫైలు తయారవుతుంది. ముందు ఒక్క అక్షరం కూడా మార్చకుండా కంపైల్ చేసి, వచ్చిన ఫైలుతో ఒకటో నంబరు సెట్టు నడుస్తుందని రూఢి చేసుకున్నాను. ఏదైనా తేడా వస్తే అది నా మార్పు వల్లనా, నా కంపైలర్ వల్లనా అన్న సందేహం మిగలకూడదు.

హద్దుల తనిఖీ ఫ్రీక్వెన్సీస్ అనే ఫైలులో, టీఎక్స్_ఫ్రీక్_చెక్ అనే ఫంక్షన్‌లో ఉంది. ఒక స్విచ్ (మెనూలో ఎంచుకున్నదాన్ని బట్టి దారి మార్చే కోడ్), దానిలో దేశాల పేర్లతో కేసులు. ఈ సోర్సులో ఫ్రీక్వెన్సీలన్నీ 10 హెర్ట్జ్ లెక్కన పూర్ణాంకాలుగా ఉంటాయి. 144 మెగాహెర్ట్జ్ అంటే 14400000. ఐరోపా కేసు 14400000 నుంచి 14600000 వరకు, 43000000 నుంచి 44000000 వరకు అనుమతిస్తోంది. దీని పక్కనే భారత్ పేరుతో కొత్త కేసు చేర్చి, రెండో జతను 43400000, 43800000 చేస్తే పని ముగిసినట్టే అనిపించింది.

కానీ ముగియలేదు. తనిఖీ చూసేది క్యారియర్ ఫ్రీక్వెన్సీని, అంటే మాటను మోసే మూల తరంగాన్ని. గాలిలోకి వెళ్లేది గీతలా సన్నని క్యారియర్ కాదు. 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో (మాటతో పాటు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే మేర), 3 కిలోహెర్ట్జ్ వరకు ఉండే మాటతో ఎఫ్ఎం చేస్తే, కార్సన్ సూత్రం ప్రకారం ఆ రెండింటి మొత్తానికి రెట్టింపు, అంటే 16 కిలోహెర్ట్జ్ వెడల్పు పడుతుంది. ఖచ్చితంగా 434.000 మీద నిలబడి మాట్లాడితే అందులో సగం గట్టు అవతలే పడుతుంది. పొలం గట్టు మీద నాగలి దున్నినట్టు ఉంటుంది వ్యవహారం. అందుకని ప్రతి అంచు నుంచి 10 కిలోహెర్ట్జ్ లోపలికి జరిగి, 14401000 నుంచి 14599000, 43401000 నుంచి 43799000 అని రాశాను.

మరో చిన్న కోరిక కూడా ఉంది. వరద సమయాల్లో, శిబిరాల్లో ఒక సెట్టులోని ఛానెళ్లను కేబుల్ లేకుండా గాలిలోనే ఇంకో సెట్టుకు పంపే ఎయిర్‌కాపీ సదుపాయం బాగుంటుందని మా కార్యదర్శి గారు అడిగారు. మేక్‌ఫైల్‌లో ప్రతి సదుపాయానికీ ఒకటో సున్నానో వేసే వరుస ఉంటుంది. ఎయిర్‌కాపీకి ఒకటి వేశాను. వెంటనే లింకర్ (కోడ్ ముక్కలను ఒకే ఫైలుగా కలిపే సాధనం) మొరాయించింది. 64 కిలోబైట్లలో 4 బూట్‌లోడర్‌కు (ఫర్మ్‌వేర్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రాముకు) పోగా మనకు మిగిలేది 60, అంటే 61440 బైట్లు. నా ఫైలు అంతకన్నా కాస్త పొంగింది. ఏదో ఒకటి దించక తప్పదు. ఎఫ్ఎం రేడియో తీసేద్దామంటే, వంటింట్లో వివిధభారతి వినిపించేది ఒకటో నంబరు సెట్టే కనుక ఇంట్లో అనుమతి దొరకలేదు. అమెరికా వాతావరణ ఛానెళ్ల వరుస ఎలాగూ సున్నాలోనే ఉంది. చివరికి చెయ్యి తగలకుండా మాటతోనే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ సదుపాయాన్ని బలి ఇచ్చాను. ఫైలు పట్టింది.

జనవరి 18, ఆదివారం

ఎక్కించడం సులువు. పీటీటీ నొక్కి పట్టుకొని సెట్టును ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండి టార్చి దీపం మాత్రం వెలుగుతుంది; అదే బూట్‌లోడర్ సిద్ధంగా ఉందనడానికి గుర్తు. ఫర్మ్‌వేర్ ఎంత తప్పుగా రాసినా బూట్‌లోడర్ చెడదు కనుక మళ్లీ ఇదే స్థితికి వచ్చి పాతదాన్ని ఎక్కించుకోవచ్చు. ఈ ధైర్యం లేకపోతే పరాయివారి సెట్ల మీద నేను చెయ్యి వేసేవాడిని కాదు.

కొలతల కోసం సెట్టు యాంటెనా తీసి, 40 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలాన్ని తగ్గించే సాధనం) గుండా టైనీఎస్ఏకు, అంటే ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎంత సిగ్నల్ ఉందో తెర మీద చూపే చిన్న పరికరానికి, కలిపాను. 5 వాట్లు అంటే 37 డీబీఎం. 40 తగ్గితే మైనస్ 3. టైనీఎస్ఏ తట్టుకోగలిగింది ప్లస్ 10 కనుక ఇబ్బంది లేదు. అటెన్యుయేటర్ కనీసం 10 వాట్లు తాళగలిగినదై ఉండాలి. చిట్టి అటెన్యుయేటర్లను 5 వాట్లకు పెట్టి మాడ్చినవారిని చూశాను.

అంచుల దగ్గర ఒక్కొక్క అంకె వేసి పీటీటీ నొక్కుతూ పోయాను. 434.005 వద్ద తెర మీద ప్రసారం లేదన్న మాట వచ్చింది, టైనీఎస్ఏ తెర చదునుగా ఉంది. 434.010 వద్ద నిటారుగా ఒక శిఖరం లేచింది. 437.800 బాగానే ఉంది. 144.005 కాదన్నది, 144.010 అవునన్నది. 145.700కు ప్లస్ ఆఫ్‌సెట్ పెట్టి నొక్కితే కిక్కురుమనలేదు. తనిఖీ వినే ఫ్రీక్వెన్సీని కాక, ప్రసారం చేయబోయే ఫ్రీక్వెన్సీనే చూస్తుందని దీంతో రూఢి అయింది.

చివరగా 145.990 వేసి నొక్కాను. కాదన్నది.

ఈ అంకెను ఊరికే ఎంచుకోలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ రిపీటర్‌కు మనం పైకి పంపవలసిన ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఇదే. 67 హెర్ట్జ్ టోన్‌తో 145.990 మీద పిలిస్తే 437.800 మీద జవాబు వినబడుతుంది. కొత్తవారికి ఈ సరదా చూపించాలనే కదా సెట్లు సిద్ధం చేస్తున్నది. సోర్సు తెరిచి చూస్తే కారణం ఒక్క గుర్తే. పాత కేసుల్లో పై హద్దుకు "కన్నా తక్కువ" అని ఉంది, నేను దానినే నకలు చేశాను. 146.000 వంటి అంచుకు అది సబబే. అంచు నుంచి లోపలికి జరిగిన హద్దుకు "తక్కువ లేదా సమానం" కావాలి. సమానం గుర్తు చేర్చి, మళ్లీ కంపైల్ చేసి, మళ్లీ ఎక్కించి కొలిచేసరికి పావుగంట పట్టింది. మొన్న పావుగంట పోయింది ప్లస్ గుర్తు వల్ల, ఇవాళ సమానం గుర్తు వల్ల.

రెండో హార్మోనిక్‌ను, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర వెంట వచ్చే అక్కరలేని సిగ్నల్‌ను, కూడా చూశాను. ఫర్మ్‌వేర్ మారకముందూ మారిన తరువాతా 290 మెగాహెర్ట్జ్ దగ్గర ఎత్తు ఒకటే. అది ఉండవలసిన తీరే, ఎందుకంటే హార్మోనిక్స్‌ను అణచేది బోర్డు మీది ఫిల్టరు. కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే సెట్టు "శుభ్రంగా" ప్రసారం చేస్తుందని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు.

జనవరి 19, సోమవారం

మూసిన ఫర్మ్‌వేర్‌ను తిట్టడానికి ఈ డైరీ రాయడం లేదు కనుక ఒక మాట. ఐకామ్ ఐసీ-7300 వంటి సెట్టులో ఫర్మ్‌వేర్ పూర్తిగా కంపెనీదే. ఎస్‌డీ కార్డుతో ఎక్కించుకోవడం వరకే మన పాత్ర. అయినా దానిలోపల ఏముందో చూడాలన్న దురద చాలామందికి పుట్టదు, ఎందుకంటే అది చేయవలసిన పని చేస్తుంది. రేడియో ఆన్ చేసి మాట్లాడటమే కావాలనుకునేవారు అటువంటి సెట్టుకు డబ్బు పెట్టడంలో నాకు ఏ తప్పూ కనబడదు.

నన్ను విసిగించింది నా పాత డీఎంఆర్ (మాటను డిజిటల్‌గా పంపే ఒక పద్ధతి) సెట్టు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఛానెళ్లు వేసే సాఫ్ట్‌వేర్ నా కొత్త కంప్యూటర్‌లో నడవదు, సెట్టేమో నిక్షేపంగా ఉంది. డీఎంఆర్‌లో ఇంకో ముడి కూడా ఉంది: మాటను కుదించే ఆంబే కోడెక్ ఒక సంస్థ సొత్తు. ఓపెన్‌జీడీ77 అనే సముదాయ ఫర్మ్‌వేర్ కొన్ని సెట్లకు ఎంతో చక్కగా ఉన్నా, ఆ కోడెక్ ముక్కను తనతో పంచిపెట్టలేదు కాబట్టి, వాడేవారే కంపెనీ ఫర్మ్‌వేర్ ఫైలు తెచ్చి ఇస్తే అందులోంచి తీసుకుంటుంది. ఇల్లంతా మనమే కట్టుకున్నా వీధి తలుపు మాత్రం పాత యజమానిది. పోలండ్‌లో మొదలైన ఎం17 పద్ధతి ఈ ముడిని తప్పించడానికే, ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రో తయారుచేసిన కోడెక్2ను వాడుకుంటుంది. అది వేరే ప్రాజెక్టు. ఇప్పుడు దాని జోలికి వెళ్లను.

జనవరి 24, శనివారం

ఈ రోజు రాయవలసింది ఎక్కువ.

మిగిలిన అయిదు సెట్లకూ ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు, హద్దుల తనిఖీని ఎవరెవరు పిలుస్తున్నారో ఒకసారి వెతికి చూద్దామనిపించింది. పీటీటీ నొక్కినప్పుడు దారి స్పష్టంగా ఉంది: ప్రసారానికి సిద్ధం చేసే ఫంక్షన్ ముందు టీఎక్స్_ఫ్రీక్_చెక్‌ను అడుగుతుంది, అది సరేనంటేనే ముందుకు వెళుతుంది. టోన్లు పంపే దారి కూడా అక్కడి నుంచే. అంతటితో ఆపేస్తే నిశ్చింతగా భోజనానికి వెళ్లి ఉండేవాడిని. కానీ ప్రశ్నను తిరగేసి వెతికాను: తనిఖీని ఎవరు పిలుస్తున్నారు అని కాకుండా, చిప్పును ప్రసార స్థితిలోకి నెట్టే ఫంక్షన్‌ను ఎవరు పిలుస్తున్నారు?

జాబితాలో ఎయిర్‌కాపీ ఫైలు కనబడింది. అది తన సొంత దారిలో, తనిఖీ ఊసు లేకుండా, ప్రసారపు అంకెలను నేరుగా చిప్పులో వేసి డేటా పంపుతోంది. ఎయిర్‌కాపీ మొదలవగానే సెట్టు తనంతట తాను ఎంచుకునే ఫ్రీక్వెన్సీ కూడా అక్కడే అంకెలో ఉంది: 41002500. అంటే 410.025 మెగాహెర్ట్జ్. మన బ్యాండు మొదలయ్యేది 434 దగ్గర.

చదివినదాన్ని నమ్మేకన్నా చూడటం మేలని ఒకటో నంబరు సెట్టును మళ్లీ అటెన్యుయేటర్‌కు తగిలించి, ఎయిర్‌కాపీ స్థితిలో ఆన్ చేసి, టైనీఎస్ఏను 405 నుంచి 440 వరకు చూసేలా పెట్టి, పంపమని మీట నొక్కాను. 434 చుట్టుపక్కల తెర నిశ్శబ్దంగా ఉంది. ఎడమ చివర 410 దగ్గర మాత్రం ముక్కలు ముక్కలుగా, పాకెట్టు పాకెట్టుకూ ఒక శిఖరం లేస్తూ పడుతూ కనిపించింది. వారం రోజులుగా ముందు తలుపుకు తాళం బిగించి, అంచుల్లో పది కిలోహెర్ట్జ్‌ల దాకా లెక్కలు కట్టి మురిసిపోయినవాడిని, పెరటి గుమ్మం బార్లా తెరిచి ఉందని ఇప్పుడు తెలుసుకున్నాను. పైగా ఆ గుమ్మం పెట్టించింది నేనే. మేక్‌ఫైల్‌లో ఒకటి వేసింది నా చెయ్యే.

దీనికి సోర్సు రాసినవారిని తప్పు పట్టను. పాత ఫర్మ్‌వేర్ ఎలా నడిచేదో అలాగే నడిపించారు, సదుపాయాన్ని ఐచ్ఛికంగా ఉంచారు. ఫ్యాక్టరీ ఫర్మ్‌వేర్‌తోనే ఉండి ఉంటే ఈ గుమ్మం ఉన్న సంగతి శిబిరంలో ఎవరో మీట నొక్కి, ఎక్కడో ఎవరికో అంతరాయం కలిగి, వారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన రోజున తెలిసేది.

మొదట ఆ అంకెను 43500000గా మార్చి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ స్థితిలో అంకెల మీటలతో ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలు కూడా ఉంది, అక్కడా తనిఖీ లేదు. తనిఖీని ఆ దారిలోకి కూడా తేవచ్చు. చేయగలను, కానీ చేసిన తరువాత అన్ని కొలతలూ మళ్లీ తీయాలి. ఆరు సెట్లకు ఛానెళ్లు వేయడానికి కేబుల్, చర్ప్ సాఫ్ట్‌వేర్ చాలు. కార్యదర్శి గారికి ఫోన్ చేసి విషయం చెప్పాను. "అయ్యో, అయితే వద్దులెండి" అన్నారు. ఎయిర్‌కాపీకి సున్నా వేశాను. మిగిలిన చోటులో వాక్స్ తిరిగి వచ్చింది.

జనవరి 25, ఆదివారం

ఇంకో లొసుగు మిగిలింది. నా భారత్ హద్దు మెనూలో ఒక ఐచ్ఛికం మాత్రమే. పీటీటీ, పై సైడ్ మీట కలిపి నొక్కి ఆన్ చేస్తే దాచిన మెనూ తెరుచుకుంటుంది. అందులో "అన్నీ తెరువు" అన్న వరుస కూడా ఉంది. కనుక క్లబ్బు సెట్ల కోసం ఆ స్విచ్‌లోని తక్కిన కేసులన్నీ తీసివేసి, భారత్ హద్దు ఒక్కటే ఉంచాను. మాటను చెదరగొట్టే స్క్రాంబ్లర్ వరుసను కూడా మెనూ నుంచి తొలగించాను. హ్యామ్‌లు రహస్య సంకేతాల్లో మాట్లాడటానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక మాకు దానితో పని లేదు.

కుర్రాడు పక్కనే కూర్చుని ఇదంతా చూశాడు. ఉన్నట్టుండి, "మాస్టారూ, కంపెనీవాళ్లు మనకు తెలియకుండా హద్దులు పెడితే మీకు నచ్చలేదు. ఇప్పుడు మీరు మాకు చేస్తున్నది అదే కదా?" అన్నాడు.

వెంటనే జవాబు తోచలేదు. కాఫీ తాగాక చెప్పాను: "నీకు తెలియకుండా పెట్టడం లేదు బాబూ. మార్చిన వరుసలు ఇవి, సోర్సు నీ పెన్‌డ్రైవ్‌లో వేస్తాను, కంపైల్ చేయడం నేర్పుతాను. సెట్టు క్లబ్బుది కనుక క్లబ్బు తాళం. నువ్వు సొంతంగా కొనుక్కున్న రోజున ఏ తాళం వేసుకుంటావో నీ ఇష్టం, జవాబుదారీ కూడా నీదే." వాడు తలూపాడు గానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు కనిపించలేదు. నాకూ ఆ ప్రశ్న పూర్తిగా వదలలేదు. అందుకే మార్చిన ప్రతి ఫైలు పైభాగంలో ఏమి మార్చానో, ఎందుకు మార్చానో నాలుగు వాక్యాలు రాశాను. లైసెన్సు అడిగేది మార్చినట్టు చెప్పమని మాత్రమే; కారణం రాసింది వాడి కోసం.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆరు సెట్లకూ ఫర్మ్‌వేర్ ఎక్కింది. ఎక్కించిన తరువాత ప్రతి సెట్టులోని చివరి 512 బైట్లను మళ్లీ దించుకొని జనవరి 11 నాటి ఫైళ్లతో పోల్చాను. ఒక్క బైటు కూడా మారలేదు. అంచు కొలతలు ఆరింటికీ తీశాను. నాలుగో నంబరు సెట్టు క్యారియర్ 434.010 దగ్గర అర కిలోహెర్ట్జ్ కిందికి జారి ఉంది. ఫ్రీక్వెన్సీకి ఆధారమైన దాని క్రిస్టల్ లోపం అది. పది కిలోహెర్ట్జ్ గట్టు వదలడం వల్ల ఇబ్బంది లేదు, కానీ తీరిక చూసుకొని దాన్ని సరిచేయాలి.

సాయంత్రం మేడ మీద కుర్రాడికి ఒకటో నంబరు సెట్టు ఇచ్చాను. వాడు అడగకుండానే మెనూలోకి వెళ్లి, కావాలనే ఆఫ్‌సెట్‌ను ప్లస్ చేసి, పీటీటీ నొక్కాడు. సెట్టు బీప్ మంది, తెర మీద ప్రసారం లేదన్న మాట వచ్చింది. మైనస్ చేసి మళ్లీ నొక్కి, తన కాల్‌సైన్ చెప్పాడు. రిపీటర్ తోక చప్పుడు (మన మాట ఆగాక అది వదిలే చిన్న శబ్దం) వినబడిన రెండు సెకన్లకు ఎవరో పలికారు.

మిగిలిన పనులు: నాలుగో సెట్టు క్రిస్టల్, ఎయిర్‌కాపీ దారిలోకి తనిఖీ తెచ్చే మార్పు, తీరిక దొరికితే, ఒకటో నంబరు సెట్టుకు బదులుగా వంటింట్లోకి వేరే ఎఫ్ఎం రేడియో.